నీళ్లు నీలమయ్యాక

3 మార్చి 1982, బుధవారం

గురులింగప్ప సావుకారు అంబాసిడర్ ఆరింది. కింద నీలం మెటాలిక్, దాని మీద బొంబాయి నుంచి తెప్పించిన క్లియర్ లక్కర్, అంటే రంగులేని మెరుపు పూత, నాలుగు సార్లు. జహీరాబాద్‌లో ఇలాంటి రంగు ఇదే మొదటిదని మా సేటు చెన్నబసప్ప రోడ్డున పోయే ప్రతివాడికీ చెబుతున్నాడు. ఉగాది నాడు సావుకారు ఈ బండిలో కుటుంబంతో ఝరాసంగం గుడికి పోవాలట. మాకు మూడు వారాలు.

ఒక అల్లం వ్యాపారి బానెట్‌లో తన ముఖం చూసుకోవడానికి ముగ్గురు పనివాళ్లం మూడు వారాలు నీళ్లలో చేతులు నానబెట్టాలి. అల్లం తవ్వినవాళ్ల ముఖాలు ఆ బానెట్‌లో కనబడవు. రుద్దినవాళ్లవీ కనబడవు. కార్మిక సంఘం కరపత్రంలో ఈ మాటకే ఎర్ర సిరాతో గీత గీసుకున్నాను.

బండ్లకు రంగులేసే ఈ షెడ్డులో చేరి ఆరేళ్లు. నాకిప్పుడు ఇరవై ఒకటి. కరపత్రాలు చేతికొచ్చి ఒక్క ఏడాది. అంతకు ముందు అయిదేళ్లు నేను గుడ్డివాణ్ణి.

ఆ చివరి మాట కొట్టేస్తున్నాను. నాకు పని నేర్పిన ఉస్తాద్ గురించి రాసే పుస్తకంలో అది ఉండకూడదు.

5 మార్చి, శుక్రవారం

టాపు మీద పని మొదలైంది. నీళ్లలో తడిపి రుద్దే ఆరువందల నంబరు వాటర్ పేపరు, సబ్బు నీళ్లు, అరచేతిలో పట్టే రబ్బరు ముక్క. ఉస్తాద్ రామ్‌కిషన్ రబ్బరు ముక్క ఇరవై ఏళ్లది. ఆయన అరచేయి ఎట్లా ఉందో అది అట్లా అరిగిపోయింది. వేరేవాడు పట్టుకుంటే చేతిలో నిలవదు.

ఆరేళ్ల కింద మొదటి రోజు చెప్పిన మాటే ఈ రోజూ చెప్పాడు. "తెల్ల నీళ్లు వచ్చినంత సేపు నువ్వు లక్కర్ మీదున్నవ్. రంగు నీళ్లు వచ్చినయంటే లక్కర్ దాటినవ్. చెయ్యి తియ్యాలె బిడ్డా. ఇంకొక్కసారి గూడ రుద్దద్దు." ఈ బండికైతే నీలం నీళ్లు. ధారల దగ్గర, అంటే రేకు వంగే అంచుల దగ్గర, పూత పల్చగా ఉంటుంది. అక్కడ మొదట కోసుకుపోతుంది. అందుకే మెరుపు తెచ్చే బఫింగ్ మిషన్ పట్టే ముందు ప్రతి ధారకూ ఉస్తాద్ టేపు అంటిస్తాడు.

నీళ్లు ఏ రంగులో ఉన్నాయో ఆయనకు తెలియదు. అది చెప్పేది నేను. రెండేళ్లుగా ఆయన కళ్లల్లో పొర పెరుగుతోంది. బకెట్ దగ్గరికి వంగినట్టు వంగి, "ఎట్లున్నయి రా?" అంటాడు. "తెల్లగనే ఉస్తాద్" అంటాను. మిగిలింది ఆయన చేయి చూసుకుంటుంది. భుజం మీది మల్లుగుడ్డ రేకు మీద పరిచి, దాని మీద నుంచి అరచేయి నడిపిస్తాడు. గుడ్డ అడ్డం ఉంటేనే సన్నటి గీత కూడా చేతికి బాగా తెలుస్తుందంటాడు. నేను ప్రయత్నించాను. నాకు గుడ్డ తప్ప ఏమీ తెలియలేదు.

ఈ సంగతి ముగ్గురికే తెలుసు. ఆయనకు, ఆయన భార్య బస్వమ్మకు, నాకు. డెంట్లు తీసే రామచందర్‌కు కూడా తెలియదు.

9 మార్చి

కరెంటు లేదు. పని లేదు. చదివాను.

11 మార్చి, గురువారం

రాసేశాను. ఎనిమిది డిమాండ్లు. షెడ్డుకు కిటికీలు, థిన్నర్ పొగకు ముక్కు గుడ్డలు, ఆదివారం సెలవు, తాగడానికి వేరే కుండ... నాలుగోది అన్నిటికన్నా బాగా వచ్చింది. "ఇరవై ఏళ్లుగా థిన్నర్ పొగలో పనిచేసి చూపు పోగొట్టుకున్న కార్మికుడు రామ్‌కిషన్ కంటి ఆపరేషన్ యాజమాన్యమే చేయించాలి." నాకోసం నేను ఏమీ అడగలేదు. అది గమనించాలి.

రామచందర్ చదివి, రెండో కుండ వస్తే సేటు మొదటి కుండ తీసుకుపోయి ఇంట్లో పెట్టుకుంటాడు అన్నాడు. నవ్వుతూనే సంతకం చేశాడు.

ఉస్తాద్‌కు చదివి వినిపించాను. కిటికీల దగ్గర తల ఊపాడు. ఆదివారం దగ్గర, "ఆదివారం ఇంట్ల కూసొని ఏం జెయ్యాలె రా" అన్నాడు. బొటనవేలుకు సిరా రాసి కాగితం మీద ఒత్తాడు. గీత ఒక్కటీ పడలేదు. నున్నటి నల్లటి మచ్చ. ఇరవై ఏళ్ల వాటర్ పేపరు వేలిముద్రను కూడా రుద్దేసింది. నాకు ఏడుపొచ్చింది. ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

నాలుగోది చదవడం ఆ గందరగోళంలో మరిచిపోయాను.

15 మార్చి, సోమవారం

సేటుకు ఇచ్చాను. నిలబడి, మొదటి నుంచి చివరి దాకా చదివాడు. తిడతాడనుకుని జవాబులు సిద్ధం చేసుకున్నాను. తిట్టలేదు. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. నా చేతిరాత మంచిగున్నదన్నాడు.

అంతే. భయపడ్డాడు.

16 మార్చి

ఇంకా జవాబు లేదు. ఆలోచించుకుంటున్నట్టున్నాడు.

17 మార్చి, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున సావుకారు బండి చూడడానికి వచ్చాడు. కుర్చీ వేయించుకుని చాయ్ తాగుతున్నాడు. సేటు ఉస్తాద్‌ను డ్రైవరు వైపు తలుపు దగ్గరికి పిలిచి, దీని మీద ఎక్కడో సన్న గీత ఉంది, చూపించమన్నాడు. ఉస్తాద్ గుడ్డ పరిచి చేయి నడిపించాడు. జానెడు పోకుండానే ఆగి, ఇక్కడ అన్నాడు. గీత అక్కడే ఉంది. నేను రామచందర్ వైపు గర్వంగా చూశాను.

సేటు వెనక తలుపు చూపించాడు. "చేతితోని కాదు ఉస్తాద్. చేతులు ఎన్కకు పెట్టుకో. దీని మీద ఏడున్నదో కండ్లతోని చూసి చెప్పు."

ఉస్తాద్ రెండు చేతులూ వెనక కట్టుకున్నాడు. ఆ చేతులు ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. వేళ్లు ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. తలుపు వైపు ముఖం పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. చాయ్ సాసర్లో పోసుకుంటున్న సావుకారు కూడా ఆగిపోయాడు.

"కనబడ్తలేదు సేటు" అన్నాడు ఉస్తాద్.

సేటు జేబులోంచి నా కాగితం తీసి, నాలుగో డిమాండు పైకి చదివాడు. నా వాక్యం ఆయన నోట్లో ఎంత అసహ్యంగా వినబడిందో. చదవడం అయ్యాక అన్నాడు, "ఇరవై ఏండ్ల సంది ఉన్నవ్. నేనేం కసాయోన్ని కాదు. ఈ బండి బేదాగ్ బయటికి పోతే ఉంటవ్. ఒక్క మరక వచ్చినా ఇంటికాడ కూసుందువు."

ఇది బ్లాక్‌మెయిల్. నేను ముందుకు వెళ్లి అదే మాట అన్నాను. ఎవరూ నా వైపు చూడలేదు.

మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు ఉస్తాద్ పక్కన కూర్చున్నాను. నీ హక్కు కోసమే రాశానన్నాను. ఆయన రొట్టె తుంచడం ఆపి అన్న మాటలు ఇవి. ఒక్కటీ మార్చడం లేదు.

"హక్కు గిక్కు నాకు ఎర్కలేదు. ఇరవై ఏండ్లు అందరు నా చేతులనే చూసిన్రు. నా కండ్ల దిక్కు ఎవ్వడు చూడలే. నువ్వు చూపెట్టినవ్. నా కండ్లు నీకు ఎవరిచ్చిన్రు రా, కాయితం మీద పెట్టెటందుకు?"

నేను లేచి వచ్చేశాను. చైతన్యం లేని మనిషికి మేలు చేయబోతే ఇట్లాగే ఉంటుంది. కరపత్రంలో దీని గురించి కూడా ఉంది.

18 మార్చి

ఉస్తాద్ నాతో మాట్లాడడం లేదు. నీళ్ల రంగు అడగాలన్నా, "రామచందర్, గానిని అడుగు, ఎట్లున్నయంట" అంటున్నాడు. నేను మూడడుగుల దూరంలోనే ఉన్నాను. రామచందర్ నా వైపు తిరిగి, "ఏమయ్యా, ఎట్లున్నయంట?" తెల్లగానే అని నేను. "తెల్లగనే అంటుండు ఉస్తాద్." రామచందర్‌కు ఇది తమాషాగా ఉంది. మధ్యలో ఒకసారి, "ఎర్రగున్నయంటుండు" అని చెప్పి ఉస్తాద్ చేత తిట్లు తిన్నాడు.

నీళ్లు తెల్లగానే ఉన్నాయి. పొద్దంతా. అన్ని వైపులా. కళ్లు లేని మనిషి, రెండు వారాల్లో ఒక్క చోట కూడా కోయలేదు. బండంతా పాలు చల్లినట్టు మసకగా అయింది. ఇక మిషన్ పడితే మెరుపు వస్తుంది.

20 మార్చి, శనివారం

ఉస్తాద్ వెయ్యి నంబరు పేపరుతో చివరి చేయి వేశాడు. ధారలన్నిటికీ టేపు అంటించాడు. నన్ను పిలవలేదు. రామచందర్ టేపు చించి ఇచ్చాడు. ఆరేళ్లుగా టేపు చించి ఇచ్చేది నేను.

22 మార్చి, సోమవారం

బానెట్ ముందు ధార కోసుకుపోయింది.

పొద్దున నుంచి బఫింగ్. టాపు, డిక్కీ, తలుపులు, నాలుగు మడ్‌గార్డులు అయ్యాయి. ఉస్తాద్ మిషన్ పట్టుకుంటే అది పిల్లి గుర్రుమన్నట్టు పోతుంది. మెరుగు పెట్టే కాంపౌండ్ పూసి, నీళ్లు చిలకరించి, ఉన్ని చక్రం ఆనించీ ఆనించనట్టు ఆనిస్తాడు. బానెట్ ఒక్కటే మిగిలింది. అన్నం వేళయింది. మిషన్ నేను పడతానని ముందుకు పోయాను.

సేటు ఉన్నాడు. సావుకారు ఉన్నాడు. వాళ్ల ముందర ఉస్తాద్ నాతో కాదు, రామచందర్‌తో అన్నాడు. "గానికి మిషన్ ఇయ్యకు. గాని చేతులల్ల కోపమున్నది. బానెట్ నేనే చేస్త, తిని వచ్చినంక."

సావుకారు నవ్వాడు. "ఏం కామ్రేడ్, నీకు మిషన్ గూడ ఇస్తలేరా?"

అందరూ తిండికి పోయారు. నేను షెడ్డులో ఉండిపోయాను. మిగిలింది ఒక్క బానెట్. అది చేసి పెడితే ఉస్తాద్‌కు శ్రమ తగ్గుతుందనుకున్నాను. నా పని చూసి కోపం పోతుందనుకున్నాను. మిషన్ ఆన్ చేశాను. ముందు ధార దగ్గర టేపు ఊడిపోయి ఉన్నట్టుంది. చూసుకోలేదు. మిషన్ జారింది. ఉన్ని నీలమైంది.

ఎవరికైనా జరిగేదే. పాత మిషన్. దాని స్విచ్ సరిగా ఆగదని నేను ఏడో డిమాండులో రాశాను కూడా.

ఉన్ని చక్రం విప్పి, వెనక కుళాయి దగ్గర సబ్బు పెట్టి కడిగాను. నీలం పోవడానికి చాలాసేపు పట్టింది. మిషన్ ఉన్నచోట పెట్టేశాను.

23 మార్చి, మంగళవారం

నిన్న వాళ్లు అన్నం తిని వచ్చేసరికే కరెంటు పోయింది, బండికి నేనే గుడ్డ కప్పేశాను. అందుకని ఈ పొద్దున్నే ఉస్తాద్ బానెట్ మీద గుడ్డ పరిచాడు. చేయి ముందుకు పోయింది. ధార దగ్గర ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి మళ్లీ పోయింది. అప్పటికే సేటు వెనక నిలబడి ఉన్నాడు. ధార పొడుగునా లక్కర్ లేదు, సగం చోట్ల నీలం కూడా లేదు. కింది బూడిద రంగు పూత బయటపడింది.

సేటు కోప్పడలేదు. "నేను చెప్పిన గద ఉస్తాద్. కండ్లు లేని పని ఇట్లనే అయితది" అన్నాడు.

ఉస్తాద్ ముఖం నా వైపు తిరిగింది. నేను నిలబడిన చోటికే తిరిగింది. ఎట్లా తెలుసో. నేను నోరు తెరిచాను. ఇప్పుడు చెబితే ఇద్దరి పనీ పోతుంది, బయటపడ్డాక ఇద్దరం కలిసి పోరాడలేం, ఒకరు లోపల ఉండాలి అని ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన పూర్తయ్యేలోపు ఉస్తాద్ గుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. గేటు దగ్గర గుంత ఉందని ఎప్పుడూ నేను చేయి పట్టుకుని దాటిస్తాను. ఈ రోజు రామచందర్ దాటించాడు.

24 మార్చి

బానెట్‌కు మళ్లీ రంగు కొట్టాను. నేను, ఒక్కణ్ణే. నీలం, క్లియర్. సేటు కుర్చీ వేసుకుని చూశాడు.

26 మార్చి, ఉగాది

నిన్న పొద్దంతా బానెట్ రుద్దాను. ఈ పొద్దున బండి పోయింది. సావుకారు కొడుకు నా భుజం తట్టాడు. మిగతా బండి మెరుపు లోతుగా ఉంది. బానెట్ మెరుపు పైపైన ఉంది. వాళ్లకు తేడా తెలియలేదు.

2 ఏప్రిల్, శుక్రవారం

షెడ్డులో ఇప్పుడు నన్ను ఉస్తాద్ అంటున్నారు. మొదట సేటు అన్నాడు, తర్వాత లారీవాళ్లు. రామచందర్ మాత్రం పేరు పెట్టి కూడా పిలవడం లేదు. "ఏమయ్యా" అంటున్నాడు.

ఇది తాత్కాలికం. లోపల ఉంటేనే ఏదైనా చేయగలం. కిటికీల సంగతి సేటుతో మళ్లీ ఎత్తాలి. సమయం చూసి.

కరపత్రాల ట్రంకు తెరిచాను. చదవాలనిపించలేదు.

9 ఏప్రిల్, శుక్రవారం

బస్వమ్మ షెడ్డుకు వచ్చింది. లోపలికి రాలేదు. గేటు దగ్గరే నిలబడి, "మా ఆయన రబ్బరు ముక్క ఇయ్యిర్రి. గది షెడ్డుది కాదు, ఆయనది" అంది. తెచ్చి ఇచ్చాను. కొంగులో ముడి వేసుకుంది.

ఉస్తాద్ ఎట్లా ఉన్నాడని అడిగాను. పొద్దున లేచింది మొదలు ఇంట్లో ఉన్న ఇత్తడి బిందె ముందేసుకుని రుద్దుతున్నాడట. బిందె పల్చబడిపోతుందంటే వినడట. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "తిన్నవా బిడ్డా?" అంది.

10 ఏప్రిల్

ఎందుకు అడిగింది ఆ మాట.

14 ఏప్రిల్, బుధవారం

సేటుకు చెప్పేశాను. బానెట్ కోసింది నేనే, ఉస్తాద్ కాదు, ఆయనను పిలిపించండి, నన్ను తీసెయ్యండి అని. మూడు రోజులుగా మనసులో చెప్పుకున్న మాటలే, ఒక్క ఊపిరిలో చెప్పాను.

సేటు పళ్లు కుట్టుకుంటున్నాడు. పుల్ల తీసి అన్నాడు. "నాకు తెల్వదా రా? నీళ్ల కాయితం కోస్తే గీతలు సీదగ ఉంటయ్. మిషన్ కోస్తే గుండ్రంగ ఉంటయ్. ఆ దినమే చూసిన."

మరి ఆయనను ఎందుకు పంపావని అరిచాను.

"నువ్వే రాసిచ్చినవ్ గద, ఈ షెడ్డుల పని చేసి కండ్లు పోయినయని. గా మనిషిని ఇంక ఈడ్నే పెట్టుకుంటే రేపు ఆపరేషన్ ఎవరు చెయ్యాలె? నేనే కద. గీ కోత లేకుంటె గూడ ఇంకో సాకు దొరుకుతుండె." సొరుగు తెరిచాడు. నా కాగితం అందులో ఉంది. నాలుగు మడతల మీద ఉస్తాద్ వేలి మచ్చ పైకి కనబడుతోంది. "మస్తు రాసినవ్. పో, కోహీరోళ్ల జీపు రంగు ఎండుతున్నది."

నేను జీపు దగ్గరికి పోయాను.

ఇది రాయాలి కాబట్టి రాస్తున్నాను. పోయాను.

18 ఏప్రిల్, ఆదివారం

ఉస్తాద్ ఇంటికి పోయాను. స్టేషన్ దిక్కు, ఎర్రమట్టి గోడల ఇల్లు. అరుగు మీద కూర్చుని బిందె రుద్దుతున్నాడు. అరిగిన వాటర్ పేపరు, ఆ రబ్బరు ముక్క, పక్కన మూకుట్లో నీళ్లు. ఎండలో ఆ బిందె వైపు చూడలేకపోయాను. నా అడుగుల చప్పుడుకే, "సదాశివా, కూసో" అన్నాడు.

బానెట్ కోసింది నేనే అని చెప్పాను. తెలుసన్నాడు. గుడ్డ పరిచినప్పుడే చేతికి తెలిసిందట, అది మిషన్ కోత అని. మరి సేటుతో ఆ మాట ఎందుకు అనలేదని అడిగాను. నన్ను కాపాడడానికే అంటాడని నా లోపల ఎక్కడో ఆశ ఉంది. ఆ ఆశ పట్టుకునే అంత దూరం నడిచిపోయాను.

"నీ కోసం కాదు" అన్నాడు. "కండ్లు లేవని కాయితం మీద వడ్డంక, నేను చూసిన అంటే ఎవడు నమ్ముతడు?"

బస్వమ్మ చాయ్ పెట్టి లోపలికి పోయింది. ఆయన మూకుట్లో వేళ్లు ముంచి బిందె మీద చిలకరించాడు. మిగతాదంతా ఆయనకు తెలుసు. తెలియనిది ఒక్కటే. అది పని గురించి. అదే అడిగాడు.

"నీలం వచ్చినంక ఎంతసేపు తిప్పినవ్ రా?"

"ఎంబటే తీసిన ఉస్తాద్."

ఆయన చేయి ఆగలేదు. మంచిది అన్నాడు.

ఇంటికొచ్చి ఇది తెరిచి కూర్చున్నాను. వెనక పేజీలన్నీ చదివాను. రెండు చోట్ల అబద్ధం ఉంది. ఇది నాకు తప్ప ఎవరికీ కనబడని పుస్తకం. అయినా రాశాను.

నాలుగో డిమాండు చదవడం మరిచిపోలేదు. చదివితే ఆయన వేలు పెట్టడు.

టేపు ఊడిపోలేదు. నేనే పీకాను. మిషన్ జారలేదు. ఉన్ని నీలమవడం చూశాను. బానెట్ ధార పొడుగునా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాను. ఆపి, చూశాను. మళ్లీ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పాను.